‘ఇవన్నీ ఇప్పుడు అవసరమా?’

నలభై దాటిన ఉద్యోగి పాత మిత్రులు నలుగురితో కలిసి ఈత నేర్చుకుంటానంటాడు. ఇద్దరు పిల్లల తల్లి పదో తరగతి స్నేహితురాళ్లతో రైలెక్కి అరకు చూసొస్తానంటుంది. పాతికేళ్ల కుర్రాళ్లు ముగ్గురు ముప్పై వచ్చేలోపు చేయాల్సిన పనులని నోటుబుక్కులో ఇరవై రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతుంటారు. వీళ్లందరికీ ఇంట్లో ఎదురయ్యే మాట ఒక్కటే: ‘ఇవన్నీ ఇప్పుడు అవసరమా?’

అడిగేవాళ్లకు జవాబు అక్కర్లేదు. ప్రశ్న రూపంలో ఉన్నా అది తీర్పు. ఆ తీర్పు వెనకున్న వాదనను ముందు న్యాయంగా చెప్పుకోవాలి. సరదా కోరికల జాబితా రాసుకోవడం, దానికి ‘బకెట్ లిస్ట్’ అని పేరు పెట్టుకోవడం హాలీవుడ్ నుంచి, బాలీవుడ్ మీదుగా మనకు అంటుకున్న మోజు అని ఒక మాట. చేతినిండా జీతం వచ్చేవాళ్లకే అది చెల్లుతుందని రెండోది. కుర్రకారు నదుల్లో, జలపాతాల దగ్గర ప్రాణాలు పోగొట్టుకోవడానికీ, ఫోన్లలో గొప్పలు పోవడానికీ ఇదే మూలమని మూడోది. బతుకును అనుభవించకుండా ఈ టిక్కులు పెట్టుకోవడమేమిటని నాలుగోది. అన్నిటికంటే గట్టిది అయిదోది: పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇంటి అప్పు అయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు కదా, తొందరేముంది?

ఇవేవీ దుర్బుద్ధితో అన్న మాటలు కావు. క్రెడిట్ కార్డు మీద గోవా వెళ్లొచ్చి ఆర్నెల్లు వడ్డీ కట్టిన కొడుకును చూసిన తండ్రికి భయం ఉంటుంది, ఉండాలి కూడా. అయితే భయం నిజమైనంత మాత్రాన దాని మీద కట్టిన వాదన నిజమైపోదు. విడివిడిగా చూస్తే వీటిలో ఒక్కటీ నిలబడదు. అన్నీ కలిసి చేసే నష్టం మాత్రం చాలా పెద్దది.

1. ‘ఇది మన అలవాటు కాదు’

పేరు కొత్తదే. జాక్ నికల్సన్, మోర్గన్ ఫ్రీమన్ నటించిన ‘ది బకెట్ లిస్ట్’ 2007లో వచ్చాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. 2011లో ‘జిందగీ నా మిలేగీ దోబారా’లో ముగ్గురు మిత్రులు స్పెయిన్ వెళ్లి సముద్రంలో మునిగారు, విమానంలోంచి దూకారు, ఎద్దుల ముందు పరుగెత్తారు. 2018లో ‘ఈ నగరానికి ఏమైంది’ నలుగురు హైదరాబాదు కుర్రాళ్లను గోవా చేర్చింది. ఇంతవరకూ విమర్శకులు చెప్పేది సరే. పేరు కొత్తది కాబట్టి పనీ కొత్తదే అనడంతోనే పేచీ.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆయనేమీ పనిలేని మనిషి కాదు, మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. దారిలో చూసిన ఊళ్ల గురించి, వాగుల గురించి, మనుషుల తీరు గురించి రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చాడు. అలా రాసి పంపమని కోరింది ఆ మిత్రుడే. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశాక, 1838లో దాన్ని అచ్చు వేయించిందీ ఆయనే. ‘కాశీయాత్ర చరిత్ర’ ఈనాటికీ మన చేతిలో ఉందంటే ఒకరి కోరికా, ఇంకొకరి స్నేహమూ కలిశాయి కాబట్టే ఉంది.

రెండువందల ఏళ్లు వెనక్కి పోవడం ఎందుకనుకుంటే, కార్తీకమాసంలో ఓ ఆదివారం పూట ఆర్టీసీ బస్టాండుకు వెళ్లి పంచారామాల స్పెషల్ బస్సు దగ్గర నిలబడి చూడొచ్చు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. అయిదు ఊళ్లు, అయిదు గుళ్లు, ఒక్క రోజు గడువు. బస్సులో సగం మంది ఒకే వీధి నుంచో, ఒకే కాలనీ నుంచో కూడబలుక్కుని వచ్చిన ఆడవాళ్లు. ఒకావిడ పులిహోర కలిపి తెస్తుంది, ఇంకొకావిడ చక్రాలు తెస్తుంది, మూడో ఆవిడ పొద్దున ఆటోకు ఎవరెంత ఇచ్చారో చిన్న పుస్తకంలో రాస్తుంటుంది. కిటికీ పక్క సీటుకు వంతులు. గుడి ముందు బస్సు ఆగగానే ‘ముప్పావుగంటలో ఎక్కేయాలమ్మా’ అని కండక్టరు కేక. దర్శనం చేసుకుని, చెప్పులు వెతుక్కుని, పరుగున వచ్చి ఎక్కి, ‘మూడయ్యాయి, ఇంక రెండే’ అని లెక్క పెట్టుకుంటారు. జాబితా ఉంది, జట్టు ఉంది, గడువు ఉంది, పూర్తయిన సంతోషం ఉంది. దీన్ని ఎవరూ పడమటి మోజు అనలేదు.

శ్రీవైష్ణవుల 108 దివ్యదేశాల జాబితా ఇంకా పెద్దది. అందులో 106 భూమ్మీదున్నాయి. మిగిలిన రెండూ, పాలకడలీ పరమపదమూ, ఈ ఒంటితో చేరగలిగినవి కావు. పూర్తిగా కొట్టేయడం కుదరదని తెలిసీ తరతరాలుగా జనం ఆ జాబితా పట్టుకుని తిరుగుతున్నారు. కాబట్టి లెక్క పెట్టుకుంటూ క్షేత్రాలు చూసిరావడం ఇక్కడి మట్టిలోనే పుట్టిన అలవాటు.

‘అది భక్తి, ఇది సరదా, రెంటినీ ఒకే గాటన కట్టకండి’ అనే జవాబు వెంటనే వస్తుంది. భక్తిని తక్కువ చేయాల్సిన పనిలేదు. కానీ ఆ బస్సులో నవ్వులూ ఉంటాయి, పాటలూ ఉంటాయి. వనభోజనాల్లో ఉసిరిచెట్టు కింద పూజ ఎంత ఉంటుందో ఆటలూ అంతే ఉంటాయి. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి చద్ది తిని, ఈడు పిల్లలతో వీధుల్లో ఆడి, ఉయ్యాలలూగడం నోములో భాగమే. మనవాళ్లు సరదాను ఎప్పుడూ వేరు పెట్టలేదు. తేడా ఇంకోచోట ఉంది. ఆ ఆడవాళ్లే, ఆ స్నేహితురాళ్లతోనే, అదే బస్సులో బొర్రా గుహలకు వెళ్తామంటే ఇంట్లో మొహాలు మారతాయి. జాబితా మీదా ప్రయాణం మీదా లేని అభ్యంతరం ‘నా ఇష్టం కోసం’ అన్న మాట దగ్గర పుట్టుకొస్తుంది. దాన్ని సంస్కృతి పేరుతో కప్పడం సరికాదు.

2. ‘డబ్బున్న వాళ్ల సరదా’

కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అనే చిన్న టీ దుకాణం నడిపిన విజయన్, మోహన దంపతుల సంగతి దేశమంతా తెలుసు. రోజూ వచ్చే ఆదాయంలోంచి కొంత పక్కన పెట్టి, చాలనిది అప్పు తెచ్చి, ఓ దేశం చూసొచ్చి, ఆ అప్పు తీర్చి, మళ్లీ ఇంకో దేశానికి. అలా 26 దేశాలు చూశారు. 2021 నవంబరులో విజయన్ పోయేదాకా అలా తిరుగుతూనే ఉన్నారు. వాళ్లు భార్యాభర్తలు, మిత్రబృందం కాదు, నిజమే. కానీ డబ్బు ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు. టీ అమ్మిన డబ్బుతో అది సాధ్యపడిందంటే ‘డబ్బుంటేనే’ అన్న మాటను సవరించుకోవాల్సిందే.

ఇంకో ఉదాహరణ తెలంగాణదే. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఇద్దరి కొండెక్కే చదువూ మొదలైంది భువనగిరి గుట్ట మీద. వెనక గురుకుల సంస్థ నిలబడింది, శిక్షకులు నిలబడ్డారు, పక్కన తోటి పిల్లలున్నారు. పూర్ణ అక్కడితో ఆగకుండా 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. సొంత డబ్బు లేని చోట జట్టూ, సంస్థా ఆ లోటును పూడ్చాయి.

అసలు జాబితా అనగానే విమానాలూ, విదేశాలూ ఎందుకు గుర్తుకురావాలి? బేలం గుహలు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. 3,229 మీటర్ల పొడవున్న గుహ, 2002 నుంచి సందర్శకులకు తెరిచి ఉంది. పక్క మండలాల్లో పుట్టి పెరిగి దాన్ని చూడని వాళ్లు కోకొల్లలు. గండికోటలో పెన్న లోయ అంచున సూర్యోదయం, విశాఖ నుంచి అరకు దాకా సొరంగాల మీద సొరంగాలు దాటే రైలు, మిత్రులు నలుగురూ కలిసి భారతం పద్దెనిమిది పర్వాలూ ఏడాదిలో చదవడం, చెరువులో ఈత, హార్మోనియం మీద ఒక్క పాట. వీటిలో చాలావాటికి బస్సు టికెట్టో, పుస్తకం ఖరీదో చాలు. పైగా నలుగురితో చేస్తే కారు కిరాయీ, గది అద్దే నాలుగు భాగాలవుతాయి. స్నేహితులతో చేయడం వల్ల ఖర్చు పెరగదు, తగ్గుతుంది.

డబ్బు మీద ప్రేమతోనే ఈ మాట అంటున్నారా అన్నది తేల్చుకోవడానికి ఒక పరీక్ష జరిగిపోయింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. టికెట్టు ఖర్చు సున్నా. మరి అభ్యంతరం పోయిందా? ‘పనీపాటా లేక ఊళ్లు తిరుగుతున్నారు’ అన్న ఎత్తిపొడుపు మొదలైంది. తోటికోడలితోనో పాత క్లాస్‌మేట్‌తోనో కలిసి గుడికో, పక్క ఊరి చుట్టాలింటికో వెళ్లొచ్చినా ఆ మాట తప్పలేదు. ఖర్చు పోయాక కూడా విమర్శ మిగిలిందంటే, విమర్శకు మూలం ఖర్చు కాదు.

గృహప్రవేశానికి ఊరందరికీ భోజనాలు, పెళ్లిలో ఎవరూ పూర్తిగా తినని వంటకాల వరస, వాటికోసం తెచ్చిన అప్పు. వాటి దగ్గర ‘అవసరమా’ అని అడిగే నోరు ఎక్కడా వినపడదు.

3. ‘ప్రాణాల మీదికి తెచ్చుకోవడం, ఫొటోల కోసం’

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయడం తప్పు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రుల దుఃఖం తెలుగునాట ఎవరూ మరిచిపోలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర బోటు మునిగి పదుల సంఖ్యలో మనుషులు పోయారు.

కానీ ఆ రెండు చోట్లా ప్రాణాలు తీసిందేమిటి? బియాస్‌లో ఎగువనున్న లార్జీ డ్యామ్ నుంచి ఉన్నట్టుండి నీళ్లు వదిలారు, కింద ఉన్నవాళ్లకు తెలిసేలా హెచ్చరిక లేదు. గోదావరిలో నది వరద మీదున్నా బోటు కదిలింది. సైరన్ మోగించాల్సిన వాళ్లు, బోటును ఒడ్డునే ఆపాల్సిన వాళ్లు ఉన్నారు. వాళ్ల తప్పును తీసుకెళ్లి చనిపోయిన వాళ్ల సరదా మీద పెట్టడం అన్యాయం. అంతకుమించి ప్రమాదం కూడా. ‘వెళ్లడమే తప్పు’ అని తీర్మానించేస్తే ఇక సైరన్ గురించీ, లైఫ్ జాకెట్ గురించీ, బోటు లైసెన్సు గురించీ ఎవర్నీ నిలదీయాల్సిన పనే ఉండదు.

సాహసమే జాబితాలకు ప్రాణం అన్న ఊహ కూడా తప్పే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 3,056 మందిని అడిగి 2018లో ప్రచురించిన అధ్యయనంలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా తమకు ఇలాంటి జాబితా ఉందన్నారు. ప్రయాణం కోరిన వాళ్లు 78.5 శాతం. ఏదో ఒక సొంత లక్ష్యం సాధించాలన్న వాళ్లు దాదాపు అంతే. ఒళ్లు జలదరించే సాహసం కోరిన వాళ్లు 15 శాతం. ఇక ఈత నేర్చుకోవడం జాబితాలో మొదటి పనిగా పెట్టుకున్న జట్టు నీళ్ల దగ్గర మిగతావాళ్లకంటే భద్రంగానే ఉంటుంది.

ఫొటోల ప్రదర్శన మీద విసుగు సబబే. ఆ విసుగు ప్రీ వెడ్డింగ్ షూట్ల మీదా, పుట్టినరోజు ఫ్లెక్సీల మీదా కూడా ఉంటే ఇంకా సబబుగా ఉండేది. ప్రదర్శన అన్నిటికీ పట్టిన జబ్బు, స్నేహితుల ప్రయాణాలకు మాత్రమే పట్టింది కాదు.

4. ‘జీవితం టిక్కులు పెట్టే చిట్టా కాదు’

అయిదింటిలోనూ ఆలోచనతో కూడిన అభ్యంతరం ఇదే. దేశాల ముద్రలు పాస్‌పోర్టులో పడాలని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి పరుగెత్తే మనుషులున్నారు. గుడిలో విగ్రహం వైపు చూడకుండా క్యూ ఎంతసేపట్లో అయిందో చెప్పే భక్తులూ ఉన్నారు. లెక్క కోసం చేసే పనిలో ప్రాణం పోతుందనేది నిజం. అయితే దాని నుంచి ‘జాబితా వద్దు’ అన్న ముగింపు రాదు. ‘జాబితాలో మంచివి రాసుకోండి, నిదానంగా చేయండి’ అన్నంతవరకే వస్తుంది.

జాన్ గొడార్డ్ 1940లో, లాస్ ఏంజెలిస్‌లో, 15 ఏళ్ల వయసులో 127 కోరికలు రాసుకున్నాడు. సినిమాకు అరవై ఏడేళ్ల ముందు. అందులో ఎవరెస్టు ఉంది, నైలు నది ఉంది. వాటి పక్కనే నిమిషానికి 50 మాటలు టైపు చేయడం ఉంది, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా మొత్తం చదవడం ఉంది, పియానో మీద ఒక పాట వాయించడం ఉంది. వీటిని చదివిన వాళ్లెవరికీ ఇది జీవితాన్ని కుదించిన చిట్టా అనిపించదు. ఒక కుర్రాడి ఆకలి ఎంత విశాలమో కనపడుతుంది. 1950, 51లలో నైలు నది పొడవునా, 4,000 మైళ్లకు పైగా, చిన్న కయాక్ పడవల్లో ఆయన ప్రయాణం చేసింది ఒంటరిగా కాదు. జాన్ లపోర్ట్, ఆండ్రే డేవీ అనే ఇద్దరు ఫ్రెంచి మిత్రులు వెంట ఉన్నారు. చంద్రుడి మీదికి వెళ్లడం కూడా ఆ జాబితాలో ఉంది, అది తీరలేదు. ఎవరెస్టూ ఎక్కలేదు. అయినా 2013లో పోయేనాటికి నూటికి పైగా పూర్తి చేశాడు. దివ్యదేశాల యాత్రికుడికి పాలకడలీ పరమపదమూ మిగిలినట్టే ఈయనకూ కొన్ని మిగిలాయి. మిగలడం ఓటమి అని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

2006లో కెనడాలో నలుగురు కుర్రాళ్లు ‘ది బరీడ్ లైఫ్’ అని పేరు పెట్టుకుని వంద పనుల జాబితా రాసుకున్నారు. తమ పని ఒకటి పూర్తయినప్పుడల్లా దారిలో తగిలిన అపరిచితుడి కోరిక ఒకటి తీర్చాలని నియమం పెట్టుకున్నారు. అమెరికా అధ్యక్షుడు ఒబామాతో బాస్కెట్‌బాల్ ఆడాలన్న కోరికా తీరింది. టిక్కుల కోసం మాత్రమే తిరిగే వాళ్లకు ఆ నియమంతో పనేముంది?

ఇక ఇక్కడి సంగతి. ఈ మధ్య తెలుగు ఊళ్లలో పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాలు విరివిగా జరుగుతున్నాయి. పాతికేళ్ల తర్వాత కలుస్తారు. ఫంక్షన్ హాలు, వేదిక మీద ఫ్లెక్సీ, మాస్టార్లకు శాలువాలు, పాదాభివందనాలు, బిర్యానీ, అందరూ ఒకే రంగు చొక్కాల్లో గ్రూప్ ఫొటో. సాయంత్రం కళ్లనీళ్లతో విడిపోతారు. వాట్సాప్ గ్రూపు పుడుతుంది. మొదటి వారం రోజుకు మూడొందల మెసేజీలు. ‘ఈసారి అందరం ఎక్కడికైనా వెళ్దాంరా’ అని ఒకడంటాడు. ముప్పై బొటనవేళ్లు పైకి లేస్తాయి. తేదీ ఎవరూ అడగరు. మూడో నెలకు ఆ గ్రూపులో మిగిలేది పొద్దున్నే వచ్చే పూల బొమ్మ, దాని మీద ‘శుభోదయం’. ఏడాది తిరిగేసరికి అందులో వచ్చే అసలు వార్త ఎవరో ఒకరి తండ్రి మరణం గురించి అయి ఉంటుంది.

ఆ మనుషుల మధ్య ప్రేమ లేదా? ఉంది, వేదిక మీద కారిన కన్నీళ్లు నిజమైనవి. లేనిది పని. కలిసి చేయాల్సిన పని, దానికో తేదీ, దానికో బాధ్యుడు. అదే గ్రూపులో ఎవరైనా ‘సంక్రాంతి తర్వాత రెండో శనివారం గండికోట, రైలు టికెట్లు రమేశ్ చూస్తాడు, వంట సామాను సునీత, డబ్బు పదో తారీకులోపు’ అని రాస్తే ముప్పైలో ఆరుగురు వస్తారు. ఆ ఆరుగురి స్నేహం బతుకుతుంది. జాబితా చేసే పని అంతే. అనుభవాన్ని కొలవడానికి కాదు, జరిగేలా చూడటానికి అది ఉంది. రాసుకోని కోరిక స్వచ్ఛంగా ఉంటుందేమో కానీ, జరగదు.

స్నేహానికి గంటలు కావాలి. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ చేసిన పరిశోధన 2018లో వచ్చింది. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి 90, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుందని అంచనా వేశారు. ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు ఇందులో పెద్దగా లెక్కకు రావు. ఆడుకున్నవి, కబుర్లాడుకున్నవి, కలిసి తిరిగినవి వస్తాయి. ‘నిజమైన స్నేహానికి ప్రణాళికలు అక్కర్లేదు, అదే సాగుతుంది’ అనేవాళ్లు ఆ రెండొందల గంటలు ఎక్కణ్నుంచి వస్తాయో చెప్పాలి. కాలేజీ హాస్టల్లో అవి వాటంతటవే వచ్చాయి. ముప్పై అయిదేళ్ల వయసులో, హైటెక్ సిటీలో ఒకరు, అనంతపురంలో ఒకరు, డల్లాస్‌లో ఒకరు ఉన్నప్పుడు రావు.

ఎవరికి వారు చేసుకోవచ్చు కదా, జట్టు ఎందుకంటారు కొందరు. యేల్ విశ్వవిద్యాలయంలో 2014లో ఒక చిన్న ప్రయోగం చేశారు. పక్కనున్న మనిషి కూడా అదే చాక్లెట్ అదే సమయంలో తింటుంటే, ఒక్క మాట కూడా మాట్లాడుకోకపోయినా, దాని రుచి ఎక్కువగా నచ్చింది. చేదు చాక్లెట్ అయితే చేదూ ఎక్కువే అనిపించింది. పంచుకున్నప్పుడు అనుభవం చిక్కబడుతుంది, మంచైనా చెడైనా. బస్సు చెడిపోయి అర్ధరాత్రి రోడ్డు మీద గడిపిన మిత్రులు ఆ రాత్రి గురించే పదేళ్లు చెప్పుకోవడానికి కారణం ఇదే కావచ్చు.

5. ‘బాధ్యతలు తీరాక చూసుకోవచ్చు’

వినడానికి అన్నిటికంటే పెద్దమనిషి తరహా మాట ఇది. మనుషుల్ని ఎక్కువగా నష్టపెట్టేదీ ఇదే.

బాధ్యతలు తీరేది ఎప్పుడు? ఉద్యోగ విరమణ వయసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగులకు 62, తెలంగాణలో 61. ప్రైవేటు ఉద్యోగికీ, రైతుకూ, ఇల్లాలికీ ఆ గీత కూడా లేదు. రిటైరైన మర్నాటి నుంచి మనవల్ని చూసుకోవడం మొదలవుతుంది, చాలామందికి అది అమెరికాలో. అంటే ‘తర్వాత’ అన్న మాటకు తేదీ లేదు. తేదీ లేని వాగ్దానం వాయిదా కూడా కాదు, రద్దు.

తేదీ వచ్చినా ఒళ్లు సహకరించాలి. భారత ప్రభుత్వం నడిపే కైలాస మానససరోవర యాత్రకు వయసు 18 నుంచి 70 మధ్య ఉండాలి. ఎత్తుకు తగ్గ బరువుండాలి, బీఎంఐ 25 దాటకూడదు. ఢిల్లీలో వైద్య పరీక్షలు గట్టెక్కాలి. కైలాస పరిక్రమలో దాటే డోల్మా లా కనుమ 5,600 మీటర్లకు పైన ఉంది. యాభై ఏళ్లు కోరుకుని అరవై అయిదులో దరఖాస్తు పెట్టిన మనిషి మోకాళ్ల దగ్గరో, రక్తపోటు దగ్గరో ఆగిపోతే అందులో ఆయన భక్తి లోపం ఏమీ లేదు. పైగా 2020 నుంచి 2024 దాకా ఆ యాత్రే లేదు, 2025లో గానీ మళ్లీ మొదలవలేదు. 2019లో 67 ఏళ్లుండి ‘వచ్చే ఏడు చూద్దాం’ అనుకున్న వాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

మనిషే కాదు, చోటూ ఆగదు. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక వరద వచ్చినప్పుడల్లా దేవీపట్నం మండలంలో ఊళ్లు మునిగాయి, గండి పోచమ్మ గుడిలోకి నీళ్లొచ్చాయి. గుడ్లు నింపుకున్న పులసలాగా ఏటికెదురు పోయిన లాంచీల్లో ఒకప్పటి జనం చూసిన పాపికొండల ఒడ్డు, ఆ ఒడ్డున ఉన్న పల్లెలు, రేపు వెళ్లేవాళ్లకు అలాగే కనపడవు.

వాయిదా వేసిన వాళ్లు చివరికి ఏమంటారన్నది కూడా తెలియని విషయం కాదు. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990లలో పశ్చాత్తాపం మీద చేసిన అధ్యయనాల్లో తేలింది ఇది: దగ్గరి కాలంలో మనుషులు చేసిన తప్పుల గురించి బాధపడతారు, వెనక్కి తిరిగి జీవితం మొత్తాన్ని చూసుకున్నప్పుడు చేయకుండా వదిలేసిన వాటి గురించే ఎక్కువ బాధపడతారు. ఆస్ట్రేలియాలో మరణశయ్య మీదున్న వాళ్లకు సేవలు చేసిన బ్రానీ వేర్, వాళ్ల నోట పదే పదే విన్న అయిదు విచారాలను పుస్తకంగా రాసింది. వాటిలో ఒకటి స్నేహితులతో సంబంధాలు నిలుపుకోలేకపోవడం. ఇంకా ఎక్కువ గంటలు ఆఫీసులో ఉండాల్సిందన్న విచారం ఆ అయిదింటిలో లేదు. అంత కష్టపడకుండా ఉండాల్సిందన్నది ఉంది.

ఈ వాయిదా భారం ఆడవాళ్ల మీద రెట్టింపు. పెళ్లితో ఊరు మారుతుంది, స్నేహితురాళ్లు తలో దిక్కూ పోతారు. భర్త మిత్రుల భార్యలే ఆమె మిత్రులవుతారు. మగవాడు ఆదివారం క్రికెట్ ఆడొస్తే అలవాటు. ఆవిడ మూడు నెలలకోసారి స్నేహితురాళ్లతో సినిమాకు వెళ్లాలంటే ముందురోజు రాత్రే రెండు పూటల వంట, పిల్లల హోంవర్కు, అత్తగారి మాత్రలు అన్నీ సర్దిపెట్టాలి. అన్నీ సర్దాక కూడా ఎదురయ్యేది ‘ఇప్పుడు అవసరమా’ అన్న మాటే. బాధ్యతలు మోస్తున్న మనిషికి బాధ్యతలు గుర్తుచేయడం ఇది.

ఒంటరితనం ధనిక దేశాల జబ్బని కొట్టిపారేయడానికీ ఇప్పుడు వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8,71,000కు పైగా మరణాలకు దానితో సంబంధముందని అంచనా. బీద దేశాల్లోనూ అది తక్కువేమీ కాదని కూడా అదే నివేదిక చెప్పింది. ఉప్పూ చక్కెరా తగ్గించమని చెప్పే డాక్టరు మాటకు తలూపే కుటుంబాలు స్నేహితులతో నెలకో రోజు గడపడాన్ని విలాసం అనడం ఇక కుదరదు.

అప్పు చేయొద్దనండి, ఒప్పుకోవాల్సిందే. నదిలో దిగే ముందు ఎగువన డ్యామ్ ఉందేమో కనుక్కోమనండి, అదీ ఒప్పుకోవాల్సిందే. ఇంట్లో జ్వరంతో ఉన్నవాళ్లను వదిలి వెళ్లొద్దనండి. అవన్నీ ఎలా చేయాలన్న దాని మీద సలహాలు. అసలు చేయొద్దనడానికి వాటిలో ఒక్కటీ కారణం కాదు. ఇన్నాళ్లూ స్నేహితులతో ఓ పూట గడపాలనుకున్న మనిషే ఇంట్లో సంజాయిషీ చెప్పుకుంటూ వచ్చాడు, వచ్చింది. ఇకనుంచి ఆ సంజాయిషీ ‘తర్వాత’ అన్నవాళ్లు చెప్పాలి. తర్వాత అంటే ఏ సంవత్సరం, ఏ నెల, ఆనాటికి ఆ మోకాళ్లూ, ఆ మిత్రులూ ఉంటారని హామీ ఎవరిది? ఆ మూడింటికీ జవాబు చెప్పలేని వాళ్లకు ‘ఇప్పుడు అవసరమా’ అని అడిగే హక్కు లేదు.